ఆర్మ్‌బార్

ఆర్మ్‌బార్ అనేది ప్రత్యర్థి మోచేతిని దాని సహజమైన హద్దు దాటేటట్లుగా వెనుకకు చాపి, అతనిని లొంగదీసుకొనే ఒక కీలుపట్టు. జూడో, బ్రెజిలియన్ జియు-జిత్సు, సాంబో, మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అనబడే మిశ్రమ యుద్ధ కళలు - ఈ అన్నింటిలోను ఇది బాగా వాడుకలో ఉన్నది. పట్టు వేసేవాడు ప్రత్యర్థి చేతిని తన రెండు తొడల మధ్య బిగించి, మణికట్టును రెండు చేతులతో తన ఛాతీకి హత్తుకొని, నడుమును పైకి లేపుతాడు. అప్పుడు మోచేతి కీలు మీద భరించరాని ఒత్తిడి పడుతుంది. పేరులో ఉన్నది చేయి అయినప్పటికీ ఈ పట్టులో అసలైన పని కాళ్ళది. కొత్తగా నేర్చుకొనేవారు విఫలమయ్యేది చాలావరకు చేతుల బలం చాలక కాదు, కాళ్ళు ఉండవలసిన చోట ఉండకపోవడం వలన.

పేరు

జూడోలో ఈ పట్టు పూర్తి పేరు ఉదె హిషిగి జూజి గటామె. జపాను భాషలో ఉదె అంటే చేయి, హిషిగి అంటే నలగగొట్టడం, గటామె అంటే బిగింపు. జూజి అంటే పది అనే అంకెను సూచించే అక్షరం. ఆ అక్షరం మన కూడిక గుర్తు (+) లాగా ఉంటుంది. పట్టు పడినప్పుడు ఇద్దరి శరీరాలు ఒకదానికొకటి అడ్డంగా, ఆ గుర్తు ఆకారంలో ఉంటాయి కనుక ఈ పేరు వచ్చింది. ఇంగ్లీషులో ఆర్మ్‌బార్ అనే మాటను మోచేతిని చాపి వేసే ఇతర పట్లకు కూడా వాడుతుంటారు. ఈ వ్యాసం మాత్రం జూజి గటామెను గురించినది. తెలుగులో దీనికి స్థిరపడిన పేరు లేదు కాబట్టి ఇంగ్లీషు పేరునే ఇక్కడ వాడడమైనది.

మోచేతి నిర్మాణం

మోచేతి వద్ద మూడు ఎముకలు కలుస్తాయి. భుజం నుండి వచ్చే భుజాస్థి ఒకటి కాగా, ముంజేతిలోని రత్ని, అరత్ని మిగిలిన రెండు. మడవడం, చాపడం అనే పనులకు సంబంధించినంతవరకు ఇది తలుపు బందు వంటి కీలు. తలుపు ఒక వైపుకే తెరుచుకొన్నట్లు మోచేయి కూడా ఒక వైపుకే మడుచుకొంటుంది. చేతిని పూర్తిగా చాపినప్పుడు అరత్ని పైకొన, అంటే మోచేతి వెనుక మనకు గట్టిగా తగిలే భాగం, భుజాస్థి వెనుక ఉన్న గుంటలోనికి వెళ్ళి ఆగిపోతుంది. సాధారణంగా చేయి తిన్నగా అయ్యేసరికి ఈ హద్దు వస్తుంది. కొందరికి, ముఖ్యంగా కీళ్ళు వదులుగా ఉన్నవారికి, మరికొన్ని డిగ్రీలు వెనుకకు వంగుతుంది.

ఈ హద్దు దాటి ఇంకా నెట్టితే మొదట కీలు ముందువైపు పొర, పక్కనున్న సంధిబంధనాలు సాగి చిరుగుతాయి. ఆపైన కీలు తొలగవచ్చు. ఒక్కొక్కసారి కీలు నిలిచి ఎముకే విరుగుతుంది.

మీట సూత్రం

గునపంతో బండరాయిని పెకలించేటప్పుడు గునపం కింద ఒక చిన్న రాయిని ఆధారంగా పెట్టి, దూరంగా ఉన్న కొనను పట్టి నొక్కుతారు. ఆర్మ్‌బార్‌లో ప్రత్యర్థి చేయి గునపం, పట్టు వేసేవాని తుంటి భాగం ఆధారం, మణికట్టు నొక్కే కొన. మణికట్టుకు మోచేతికి మధ్య దూరం 25 సెంటీమీటర్లు అనుకొని, మణికట్టు వద్ద 200 న్యూటన్ల బలం (సుమారు 20 కిలోల బరువుకు సమానం) ప్రయోగిస్తే మోచేతిపై 50 న్యూటన్ మీటర్ల భ్రామకం పడుతుంది. అదే బలాన్ని ముంజేతి నడుమ ప్రయోగిస్తే అందులో సగమే పడుతుంది. ఈ అంకెలు సూత్రం తెలియడానికి తీసుకొన్నవి. ముంజేతిని గాక మణికట్టును పట్టుకోవాలని గురువులు చెప్పడానికి కారణం ఇదే.

అయితే ఈ లెక్కలో ఒక భాగాన్ని చాలామంది మరచిపోతారు. నేల మీద పడి ఉన్న కర్రను ఒక కొన పట్టుకొని ఎత్తితే కర్ర పైకి లేస్తుంది గాని విరగదు. రెండవ కొనను తొక్కిపట్టినప్పుడే విరుగుతుంది. ప్రత్యర్థి చేయి కూడా అంతే. భుజం వైపు కొన స్వేచ్ఛగా ఉంటే, చేతిని ఎంత లాగినా అతని శరీరం మొత్తం చేతి వెంట లేచి వస్తుంది. మోచేతిపై పడవలసిన ఒత్తిడి పడదు. ఆ రెండవ కొనను తొక్కిపట్టేవి కాళ్ళు.

కాళ్ళ స్థానం

వెల్లకిలా పడుకొన్న ప్రత్యర్థి కుడి చేతికి పట్టు వేస్తున్నట్లు ఊహించండి. పట్టు వేసేవాడు అతని కుడి పక్కన, అతనికి అడ్డంగా ఉంటాడు. ఎడమ కాలు ప్రత్యర్థి ముఖం లేక మెడ మీదుగా, కుడి కాలు ఛాతీ మీదుగా పోతాయి. చిక్కిన చేయి రెండు తొడల నడుమ ఉంటుంది.

ముఖం మీది కాలు ప్రత్యర్థి లేచి కూర్చోకుండా ఆపుతుంది. మనిషి పడుకొన్న చోటు నుండి లేవాలంటే మొదట తల లేవాలి. తల నేలకు అదిమి ఉన్నంతసేపు మొండెం లేవదు. అందుచేత ఈ కాలిని ఊరికే వేసి ఉంచడం చాలదు. మడమను నేల వైపుకు గుంజుతూ, తొడ వెనుక కండరాలతో కిందకు నొక్కుతూ ఉండాలి. ఛాతీ మీది కాలు ప్రత్యర్థి నడుము ఎగరవేసి, పట్టు వేసేవాని వైపు తిరిగి మోకాళ్ళపైకి రాకుండా అడ్డుకొంటుంది. కొందరు జూడో క్రీడాకారులు ఈ కాలిని ఛాతీపై చాపకుండా, మడిచి, ముంగాలును ప్రత్యర్థి పక్కటెముకలకు ఆనించి ఉంచుతారు. ఇందువలన ఒరిగేలోపు సమతుల్యం బాగా నిలుస్తుంది. కాని పూర్తిగా వెనుకకు ఒరిగిన తరువాత ఛాతీపై అదుపు కొంత తగ్గుతుంది.

రెండు కాళ్ళకూ కలిపి మూడవ పని ఒకటి ఉన్నది. అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. మోకాళ్ళు రెండూ ఒకదానివైపు ఒకటి నొక్కుకొని, భుజానికీ మోచేతికీ మధ్య ఉన్న దండచేతిని పట్టకారులాగా బిగించాలి. మోకాళ్ళు విడిపోతే దండచేయి తిరుగుతుంది, జారుతుంది. చెమటతో తడిసిన శరీరాలు ఉండే మిశ్రమ యుద్ధ కళల పోటీలలో ఇది మరీ త్వరగా జరుగుతుంది. జూడోలో మందమైన దుస్తులు ఉండడం వలన పట్టుకోవడానికి బట్ట దొరుకుతుంది, రాపిడి కూడా ఎక్కువ. మిశ్రమ యుద్ధ కళలలో ఆ సౌకర్యం లేదు. అక్కడ బట్ట చేయవలసిన పనిని కూడా మోకాళ్ళే చేయాలి.

పాదాలను ఒకదానిపై ఒకటి మెలివేయవచ్చునా అనే విషయంలో గురువుల మధ్య ఏకాభిప్రాయం లేదు. మెలివేస్తే కాళ్ళు విడిపోవనే భరోసా కలుగుతుంది, కాని పాదాలు కలిసినప్పుడు మోకాళ్ళు తమంతట తామే దూరంగా జరిగే అవకాశం ఉన్నది. ప్రత్యర్థి రెండు చేతులనూ పెనవేసుకొని కాపాడుకొంటున్నంతసేపు మెలివేసి ఉంచి, చేయి విడిపడి పట్టు ముగించే సమయంలో విప్పి మడమలను నేలకు గుంజడం రెండింటి మేలునూ కలిపే మార్గం.

ఇక తుంటి ఎంత దగ్గరగా ఉన్నదన్నది చూడాలి. పిరుదులు ప్రత్యర్థి భుజానికి ఆనేంత దగ్గరగా ఉండాలి. జానెడు ఎడం ఉన్నా మోచేయి తుంటిని దాటి ప్రత్యర్థి వైపుకు జారిపోతుంది, ఆధారం మోచేతి కింద కాక ముంజేతి కిందకు వస్తుంది. అప్పుడు ఎంత లాగినా ప్రయోజనం ఉండదు. తొందరపడి దూరంగా వెనుకకు పడిపోవడం నేర్చుకొనేవారిలో సర్వసాధారణమైన తప్పు. ముందు కూర్చోవాలి, తరువాత కాళ్ళు బిగించాలి, చివరకు వెనుకకు ఒరగాలి. ఆధారం మోచేతికి కొద్దిగా భుజం వైపు ఉండాలి. ప్రత్యర్థి బొటనవేలు ఆకాశం వైపు చూస్తుండాలి, అతని చిటికెన వేలి వైపు పట్టు వేసేవాని ఛాతీకి ఆనాలి. బొటనవేలు పక్కకు తిరిగితే మోచేయి కూడా తిరిగినట్లే. అప్పుడు నడుమును లేపే దిశను కూడా దానికి తగినట్లు మార్చుకోవలసి ఉంటుంది.

గార్డ్ నుండి

వెల్లకిలా పడుకొని, ఎదురుగా మోకాళ్ళపై ఉన్న ప్రత్యర్థిని కాళ్ళ మధ్య ఉంచుకొనే స్థితిని గార్డ్ అంటారు. మన కుస్తీలో వీపు నేలకు తగిలితే ఓటమి. కుస్తీ చూసి పెరిగినవారికి ఓడిపోయిన మనిషిలాగా కనిపించే భంగిమ నుండి గెలుపు రావడం మొదట వింతగా తోస్తుంది.

ఇక్కడ కూడా కుడి చేతికే పట్టు వేస్తున్నామనుకొందాం. ప్రత్యర్థి కుడి చేతిని మణికట్టు వద్ద, మోచేతి వెనుక పట్టుకొని ఛాతీకి లాగాలి. ఎడమ పాదాన్ని అతని కుడి తుంటిపై ఆనించి, దానినే ఊతంగా చేసుకొని శరీరాన్ని పక్కకు తిప్పాలి. నిటారుగా ఎదురెదురుగా ఉన్నంతసేపు ఈ పట్టు పడదు. శరీరం దాదాపు లంబకోణంలోకి తిరగాలి. తిరుగుతున్నప్పుడే కుడి కాలు ప్రత్యర్థి ఎడమ చంక కిందుగా వీపు మీదికి, వీలైనంత ఎత్తుకు ఎక్కి అతనిని కిందకు వంచాలి. ఆ తరువాత తుంటి మీద ఉన్న ఎడమ కాలు లేచి అతని తల మీదుగా వచ్చి ముఖాన్ని అవతలకు నెట్టాలి. చివరకు మోకాళ్ళు బిగించి నడుము లేపాలి.

ఇందులో కుడి కాలి పనిని చిన్నచూపు చూడరాదు. అది నడుము దగ్గరే ఉండిపోతే ప్రత్యర్థి వెన్ను నిటారుగా చేసుకొని చేతిని లాగేసుకొంటాడు. మిశ్రమ యుద్ధ కళలలో అంతకన్నా ప్రమాదం ఏమిటంటే, వెన్ను నిటారుగా ఉన్నవాడు స్వేచ్ఛగా ఉన్న రెండవ చేతితో పిడిగుద్దులు గుద్దగలడు. పట్టు వేసేవాని రెండు చేతులూ అప్పటికే పనిలో ఉంటాయి కనుక ముఖాన్ని కాచుకోవడానికి ఏమీ మిగలదు.

ఇతర మార్గాలు

ప్రత్యర్థి ఛాతీపై కూర్చొని ఉండే మౌంట్ స్థితి నుండి, పక్కనుండి మోకాలితో నొక్కి ఉంచే స్థితి నుండి, వెనుక నుండి కూడా ఈ పట్టు వేయవచ్చు. నిలబడి ఉండగానే ఎగిరి ప్రత్యర్థి మీదికి రెండు కాళ్ళూ వేసి చేతిని పట్టుకోవడాన్ని ఎగిరే ఆర్మ్‌బార్ అంటారు. 1999లో జపానులో జరిగిన షూటో పోటీలో రుమీనా సాతో ఈ విధంగా 6 సెకన్లలో గెలిచాడు. చూడడానికి అద్భుతంగా ఉన్నా, తప్పితే నేరుగా వీపు మీద పడవలసి వస్తుంది కాబట్టి దీనిని ప్రయత్నించేవారు తక్కువ. కాళ్ళతో మెడను, ఒక చేతిని కలిపి త్రికోణంగా బిగించి, ఆ బిగింపులోనే చేతిని చాపడం మరొక రకం.

తప్పించుకొనే పద్ధతులు

మొదటి రక్షణ రెండు చేతులనూ పెనవేసుకోవడం. దీనిని విడదీయడానికి బలంగా లాగడం కన్నా, ఒక పాదాన్ని ప్రత్యర్థి రెండవ చేతి కండపై పెట్టి నెట్టడం తేలిక. చేతి బలానికి కాలి బలాన్ని ఎదురు నిలపడమన్నమాట.

గార్డ్‌లో చిక్కినవాడు చేసేది మీద పడి మడిచివేయడం. తన బరువంతా ముందుకు వేసి, పట్టు వేసేవాని మోకాళ్ళను అతని ముఖం వైపుకే నెడతాడు. అప్పుడు నడుము లేపడానికి చోటు ఉండదు. మూడవ పద్ధతిలో చిక్కిన చేతి బొటనవేలిని నేల వైపుకు తిప్పి, అది చూపే దిశలో, తన తల చుట్టూ కాళ్ళతో నడుస్తూ శరీరాన్ని తిప్పివేస్తారు. దారిలో వాహనాన్ని ఆపేవాని బొటనవేలిని తలపించడం వలన దీనికి ఇంగ్లీషులో హిచ్‌హైకర్ అని పేరు వచ్చింది. ముఖం మీది కాలు బరువుగా ఉంటే ఈ తిరుగుడు మొదలు కాదు, తేలికగా ఉంటే ఆగదు.

చివరిది పట్టు వేసినవానిని గాలిలోకి ఎత్తి నేలకు కొట్టడం. బ్రెజిలియన్ జియు-జిత్సు పోటీలలో ఇది నిషిద్ధం. మిశ్రమ యుద్ధ కళలలో దీనికి అనుమతి ఉన్నది.

చరిత్ర

జిగోరో కానో 1882లో టోక్యోలో కోడోకాన్ స్థాపించి, పాత జుజుత్సు సంప్రదాయాల నుండి జూడోను రూపొందించాడు. జూడో పోటీలలో కీలుపట్లను మోచేతికే పరిమితం చేశారు. మోకాలు, మణికట్టు వంటివి నిషేధించబడటంతో క్రీడాకారుల శ్రద్ధ అంతా మోచేతి పట్ల మీదికి మళ్ళింది. జూజి గటామె ఇంతగా మెరుగుపడటానికి ఈ నియమం కూడా ఒక కారణమని చెప్పవచ్చు.

కోడోకాన్‌లో నేర్చుకొన్న మిత్సుయో మాయెదా 1914లో బ్రెజిల్ చేరాడు. బెలెం నగరంలో ఆయన వద్ద కార్లోస్ గ్రేసీ నేర్చుకొన్నాడు. ఆ కుటుంబం నేల మీది పోరును, ముఖ్యంగా గార్డ్‌ను, ప్రత్యేక విద్యగా పెంచింది. మరొక శాఖ రష్యాకు వెళ్ళింది. కోడోకాన్‌లో చదివిన వసీలీ ఒషెప్‌కోవ్ సోవియట్ సాంబోకు పునాది వేసినవారిలో ఒకడు. ఆయన 1937లో నిర్బంధించబడి చెరసాలలోనే మరణించాడు. మరుసటి సంవత్సరం, 1938లో, సోవియట్ ప్రభుత్వం సాంబోను అధికారికంగా గుర్తించింది. సాంబో మల్లులు దొర్లుతూ చేతిని లాగే పద్ధతులను అభివృద్ధి చేసి, తరువాత జూడో పోటీలలోకి తెచ్చారు. 1981లో మాస్ట్రిక్ట్‌లో జరిగిన ప్రపంచ జూడో పోటీల ఫైనల్‌లో బ్రిటన్‌కు చెందిన నీల్ ఆడమ్స్ జపాను క్రీడాకారుడు జిరో కాసెను ఈ పట్టుతోనే ఓడించాడు.

మిశ్రమ యుద్ధ కళలలో

1993లో అమెరికాలోని డెన్వర్‌లో మొదలైన యు.ఎఫ్.సి. పోటీల ద్వారా ఈ పట్టు సామాన్య ప్రేక్షకులకు పరిచయమైంది. 1994లో జరిగిన రెండవ పోటీలో రోయిస్ గ్రేసీ దీనితో జేసన్ డెలూసియాను లొంగదీశాడు. 2002 ఆగష్టులో టోక్యోలో బ్రెజిల్‌కు చెందిన ఆంటోనియో రోడ్రిగో నోగెయిరా, 150 కిలోలకు పైబడిన బాబ్ శాప్‌తో తలపడ్డాడు. శాప్ మొదట్లోనే అతనిని పైకెత్తి తలకిందులుగా నేలకు కొట్టాడు. నోగెయిరా ఆ దెబ్బలన్నీ ఓర్చుకొని రెండవ రౌండులో ఆర్మ్‌బార్‌తో గెలిచాడు. మరుసటి సంవత్సరం నవంబరులో మిర్కో క్రోకాప్‌తో జరిగిన పోటీ కూడా ఇటువంటిదే. మొదటి రౌండంతా క్రోకాప్ తన్నులకు గురైన నోగెయిరా, రెండవ రౌండులో అతనిని పడవేసి, ఛాతీపైకెక్కి, చేతిని పట్టాడు. సాంబో నుండి వచ్చిన ఫెదోర్ ఎమెలియానెంకో 2004లోను, 2006లోను మార్క్ కోల్మన్‌ను ఇదే పట్టుతో ఓడించాడు.

2010 ఆగష్టులో ఆండర్సన్ సిల్వా, చేల్ సోనెన్ పోటీ గార్డ్ విలువను చూపే ఉదాహరణ. నాలుగు రౌండ్లకు పైగా సిల్వా వెల్లకిలా పడి దెబ్బలు తింటూనే ఉన్నాడు. న్యాయనిర్ణేతల మార్కుల ప్రకారం ఓటమి ఖాయం. అయిదవ రౌండులో సోనెన్ చేయి ఒక క్షణం ఏమరుపాటుగా లోపల మిగిలిపోయింది. సిల్వా కాళ్ళు మెడ చుట్టూ త్రికోణంగా బిగుసుకొన్నాయి, చేయి చాపబడింది, ఆ రౌండు 3 నిమిషాల 10 సెకన్ల వద్ద పోటీ ముగిసింది.

2008 బీజింగ్ ఒలింపిక్స్ జూడోలో కాంస్య పతకం పొందిన రోండా రౌసీ పేరు ఈ పట్టుతో విడదీయరానిది. వృత్తి పోటీలలో ఆమె మొదటి ఎనిమిది విజయాలూ ఆర్మ్‌బార్ ద్వారానే వచ్చాయి, వాటిలో మొదటి ఏడు తొలి రౌండులోనే ముగిశాయి. 2015 ఫిబ్రవరిలో క్యాట్ జింగానోపై 14 సెకన్లలో గెలిచింది. ప్రత్యర్థులందరికీ ఏ పట్టు రాబోతున్నదో ముందే తెలుసు. తెలిసినా ఆపలేకపోయారు. చేయి ఎటు కదిలినా కాళ్ళు దానిని వెంబడించేటట్లు ఆమె చిన్ననాటి నుండి జూడోలో సాధన చేసింది. ఆమె తల్లి ఆన్ మరియా డి మార్స్ 1984లో ప్రపంచ జూడో విజేత.

2017 అక్టోబరులో డెమెట్రియస్ జాన్సన్ రే బోర్గ్‌ను వెనుక నుండి గాలిలోకి ఎత్తి, అతడు నేలకు తగిలేలోపే చేతిని పట్టి ఆర్మ్‌బార్‌గా మార్చాడు.

లొంగుబాటు, గాయాలు

పట్టు పడినవాడు ప్రత్యర్థి శరీరాన్ని గాని నేలను గాని చేతితో తట్టి, లేదా నోటితో చెప్పి లొంగిపోవచ్చు. ఏ క్షణంలో తట్టాలన్న నిర్ణయం అతనిదే. అతడు ఆ పని చేయకపోతే నిర్ణయం రెఫరీ చేతికి వస్తుంది.

2004 జూన్ 19న లాస్ వెగాస్‌లో ఫ్రాంక్ మిర్, టిమ్ సిల్వియా మధ్య ఖాళీగా ఉన్న హెవీవెయిట్ టైటిల్ కోసం పోటీ జరిగింది. మిర్ కింద నుండి సిల్వియా చేతిని పట్టాడు. సిల్వియా తట్టలేదు. అయినా రెఫరీ హెర్బ్ డీన్ 50 సెకన్ల వద్ద పోటీని ఆపివేశాడు. తనకేమీ కాలేదని సిల్వియా వాదించాడు, ప్రేక్షకులు రెఫరీపై కేకలు వేశారు. తరువాత పెద్ద తెరపై ఆ దృశ్యాన్ని నెమ్మదిగా చూపినప్పుడు ముంజేయి వంగి విరగడం అందరికీ కనిపించింది. ఆపకుండా ఉంటే గాయం ఇంకా పెద్దదయ్యేదని తరువాత సిల్వియా కూడా ఒప్పుకొన్నాడు. మోచేతి కీలు నిలిచి ఎముక విరిగిన సందర్భం ఇది.

అందరూ తట్టరు. అదే సంవత్సరం రియో డి జనీరోలో జరిగిన ప్రపంచ జియు-జిత్సు పోటీల ఫైనల్‌లో పాయింట్లలో ముందున్న రొనాల్డో సౌజా (జకారె) చేతిని రోజర్ గ్రేసీ ఆర్మ్‌బార్‌తో దెబ్బతీశాడు. జకారె తట్టకుండా, గాయపడిన చేతిని నడికట్టులో దోపుకొని మిగిలిన సమయం గడిపి, పాయింట్లతో విజేతగా నిలిచాడు. 2012 సెప్టెంబరులో టొరంటోలో జోన్ జోన్స్ చేతిని వీటర్ బెల్‌ఫోర్ట్ మొదటి రౌండులోనే వెనుకకు వంచాడు. జోన్స్ విడిపించుకొని నాలుగవ రౌండులో గెలిచాడు. అదే సంవత్సరం మార్చిలో మీషా టేట్ రౌసీ పట్టులో తట్టడానికి ఆలస్యం చేయగా ఆమె మోచేతి కీలు తొలగింది. మొదటి ఇద్దరి కథలను సాహసంగా చెప్పుకొంటారు, మూడవదానిని హెచ్చరికగా చెప్పుకొంటారు. మోచేతికి మాత్రం వీటి మధ్య తేడా తెలియదు.

అభ్యాసంలో ఈ పట్టును నెమ్మదిగా వేయాలి. కాళ్ళు, తుంటి సరిగా కుదిరిన తరువాత నడుము కొద్ది అంగుళాలు లేస్తే చాలు, హద్దు వచ్చేస్తుంది. కాబట్టి చివరి కదలికలో విసురు ఉండరాదు. చిక్కినవాడు నొప్పి కోసం ఎదురుచూడరాదు. చేయి పూర్తిగా తిన్నగా అయి, మోకాళ్ళు బిగిసి, తన మొండెం కదలడం లేదని గ్రహించినప్పుడే తట్టాలి. గట్టిగా పట్టినవానికి ఎదుటివాని తట్టు వినిపించకపోవచ్చు కనుక, నేలను కాక అతని శరీరాన్నే తట్టడం, చేతులు రెండూ చిక్కి ఉంటే నోటితో చెప్పడం మంచిది.